ట్రెక్కింగ్ పోల్, మన అడుగు: గుట్ట బాట కోసుకుపోకుండా నడిచే పద్ధతి

"పోల్ గుచ్చుకుంటూ పోతే బాట పాడవదా?" మా ఆదివారం నడకకు కొత్తగా వచ్చేవాళ్లు ఈ ప్రశ్న అడగని వారం లేదు. పోల్ అంటే గుట్టలు ఎక్కిదిగేటప్పుడు ఊతంగా పట్టుకునే, మొన ఉన్న మడత కర్ర. పాడవుతుంది. మన కాళ్ల వల్ల ఇంకా ఎక్కువ పాడవుతుంది. ఆ రెండూ వదులు చేసి పెట్టిన మట్టిని పట్టుకుపోయేది మాత్రం వాన నీరు. ఈ వరుస గుర్తుంటే పోల్ ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు మడిచి బ్యాగుకు కట్టెయ్యాలో సగం తెలిసిపోయినట్టే.

రాచకొండ, దేవరకొండ, భువనగిరి, కోయిల్‌కొండ గుట్టలు, అమ్రాబాద్ వైపు నల్లమల బాటలు మనసులో పెట్టుకుని రాస్తున్నాను. హిమాలయాలకు పోయేవాళ్లకు ఇందులో కొన్ని పనికిరావు.

1. ముందు కాళ్ల కింది నేలను గుర్తుపట్టండి

మన వైపు ఒక్క పూట నడకలోనే మూడు నాలుగు రకాల నేల తగులుతుంది. ఒక్కోదాని మీద ఒక్కోలా నడవాలి.

ఎర్ర చల్క: ఇసుక పాలు ఎక్కువ. పదేపదే తొక్కితే పైన పెచ్చు కట్టి గట్టిపడుతుంది. ఆ పెచ్చు వానను లోపలికి దిగనివ్వదు. బాట నడుమ చిన్న ఒర్రెలా కోసుకుపోయి కనిపించేది ఎక్కువగా ఇక్కడే.

మొరం: బండ చివికి తయారైన గరుకు. ఏటవాలులో గోళీల మీద కాలు పెట్టినట్టుంటుంది. మడమ జారినప్పుడల్లా గుప్పెడు మొరం కిందికి దిగుతుంది.

నల్లరేగడి: గుట్ట మొదట్లో, చేల నడుమ దారుల్లో ఉంటుంది. తడిస్తే బూటుకు రొట్టెలా అంటుకుని వస్తుంది. తడిలో పడిన అడుగు గుంట ఎండాక అచ్చు పోసినట్టు మిగిలిపోతుంది, మళ్లీ వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి.

బండ: మన కాళ్లకు అరిగేది కాదు, అందుకే నడవడానికి దాన్ని మించింది లేదు. కాకపోతే బండ మీద బూడిద రంగులో, పసుపు మచ్చల్లా పట్టి ఉండే లైకెన్లకు ప్రాణం ఉంది. చాలా నిదానంగా పెరుగుతాయి. ఉక్కు మొనతో గీకితే ఆ గీత ఏళ్ల తరబడి ఉంటుంది.

2. కోత ఎలా మొదలవుతుందో కళ్లతో చూడండి

చదివితే నమ్మకం కుదరదు. పది నిమిషాల పని, ఊరి బయట ఏ కాలిబాట దగ్గరైనా చెయ్యొచ్చు.

- పాలపొడి డబ్బా లాంటిది ఒకటి తీసుకుని అడుగు కోసెయ్యండి. రెండు వైపులా తెరిచి ఉండాలి.
- బాట నడుమ నేలలోకి ఒక అంగుళం దిగేలా తిప్పి నొక్కండి.
- అర లీటరు నీళ్లు పోసి, పూర్తిగా ఇంకడానికి ఎంతసేపు పట్టిందో చూడండి.
- అదే పని బాటకు రెండు గజాల దూరంలో, ఎవరూ తొక్కని పొద పక్కన చెయ్యండి.

నేను మొదటిసారి చేసినప్పుడు తంగేడు పొద మొదట్లో పోసిన నీళ్లు నేను సీసా మూత పెట్టేలోపే సగానికి దిగాయి. బాట మీద డబ్బాలో నీళ్లు అలాగే నిలబడ్డాయి. కూర్చుని పల్లీలు తిన్నాను, బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకున్నాను, అయినా అడుగున నీళ్లు మెరుస్తూనే ఉన్నాయి.

జరిగేది ఇదే. అడుగుల బరువుకు మట్టిలో గాలి సందులు మూసుకుపోతాయి. గడ్డి వేళ్లు చస్తాయి. ఇంకాల్సిన వాన బాట వెంట పారుతుంది. బాట ఏటవాలుగా, నేరుగా కిందికి ఉంటే నీటికి వేగం వస్తుంది, వేగం వస్తే మట్టిని ఎత్తుకుపోయే బలం వస్తుంది. బాట గుంట పడ్డాక నీళ్లు పక్కకు పోయే దారి లేక అదే గుంటలో ఇంకా లోతుకు కోస్తాయి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఎవరూ తొక్కని గడ్డి నేల మీద మొదటి కొన్ని పదుల అడుగులే ఎక్కువ నష్టం చేస్తాయి. ఆ తర్వాత వందల మంది నడిచినా అదనంగా జరిగే నష్టం అంత వేగంగా పెరగదు. అందుకే ఇప్పటికే పాడైన బాటనే పట్టుకుని నడవాలి, పక్కన కొత్తది మొదలుపెట్టకూడదు.

ఇక పోల్ సంగతి. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఆ బరువు దాదాపు 150 నుంచి 200 చదరపు సెంటీమీటర్ల బూటు మీద పరుచుకుంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు అర కిలో లోపు. పోల్ మీద 5 కిలోలే వేసినా, అది గోరంత మొన మీద పడుతుంది. ఆ చోట ఒత్తిడి బూటు కింద కంటే పది రెట్ల పైమాటే. రాచకొండలో ఒక గొర్రెల కాపరి నా చేతుల్లోవి చూసి, "ఏం సారూ, రెండు ముల్లుగర్రలు పట్కొచ్చినవ్, ఎడ్లేడున్నయ్?" అన్నాడు. నవ్వులాటకే అన్నా, పోల్ చేసే పని అదే. నేలను పొడుస్తుంది. బూటు మట్టిని అణిచి గట్టి చేస్తే, పోల్ దాన్ని గుచ్చి పెళ్లగిస్తుంది.

3. ఏ రోజు పోవాలి

మృగశిర కార్తెతో తొలకరి మొదలయ్యాక, పెద్ద వాన పడిన మర్నాడు మట్టి బాటకు పోవద్దు. ఎర్ర చల్క, మొరం అయితే ఎండ కాసిన రెండో రోజుకు నడవగలిగేలా అవుతుంది. రేగడికి అంతకంటే ఎక్కువ కావాలి. ఆగలేకపోతే ఆ వారం భువనగిరి లాంటి బండ గుట్టకు పోండి. తడి బండ జారుతుంది, ఆ జాగ్రత్త వేరు.

ఎండాకాలం మట్టి గట్టిగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదనుకుంటారు. అప్పుడు జరిగేది వేరే. బాట దుబ్బగా, అంటే వదులు దుమ్ముగా, మారుతుంది. చైత్ర పౌర్ణమి ముందువెనకల సలేశ్వరం జాతరకు నల్లమల లోయలోకి జనం దిగుతారు. అన్ని వేల పాదాల కింద నలిగిన దుబ్బ అక్కడే పడి ఉంటుంది. తొలకరి రాగానే మొదట కొట్టుకుపోయేది అదే. పొడి బాటలో కాళ్లు ఈడ్చుకుంటూ, పోల్ గీసుకుంటూ నడవద్దనేది అందుకే.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎక్కడికైనా అటవీ శాఖ అనుమతి ఉన్న దారిలోనే పోవాలి. వానాకాలంలో కోర్ ప్రాంతం పర్యాటకులకు మూసి ఉంటుంది. ఆ మూత బాటలకు కూడా విశ్రాంతి.

4. సామాను సరిచూసుకోండి

- పోల్ మొనలకు రబ్బరు తొడుగులు, జేబులో ఒక అదనపు జత
- మొన పైన బిగించే చిన్న ప్లాస్టిక్ బిళ్లలు. మెత్తటి నేలలో పోల్ లోతుకు దిగకుండా ఆపేవి ఇవే
- మరీ లోతు గాళ్లు లేని బూట్లు. పొడి గుట్టలకు మామూలు ట్రెక్కింగ్ షూ చాలు, బరువైన పర్వతారోహణ బూటు అక్కర్లేదు
- చిన్న కొలత టేపు
- పాత టూత్‌బ్రష్. ఎందుకో చివర్లో చెబుతాను

రబ్బరు తొడుగు ఎప్పుడు? బండ మీద, రాతి మెట్ల మీద, గట్టిపడ్డ ఎర్ర నేల మీద తప్పకుండా. కోట మెట్ల మీద ఉక్కు మొన టకటకలాడించడం నాకైతే వినడానికే కష్టం. తడి మట్టి ఏటవాలులో మాత్రం రబ్బరు జారొచ్చు. అక్కడ తీసెయ్యండి, తీసినవి జేబులో పెట్టుకోండి. నడుస్తుంటే ఊడి బురదలో ఉండిపోయిన తొడుగులు నాకు ప్రతి సీజన్లో దొరుకుతాయి. పెట్టేటప్పుడు ఊరికే దూర్చకుండా తిప్పుతూ బిగించాలి.

5. పోల్ ఎత్తు

మోచెయ్యి దాదాపు తొంభై డిగ్రీలు వంగేలా పెట్టుకోవాలి. 170 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకు 115 దగ్గర కుదురుతుంది. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించండి, దిగేటప్పుడు అంతే పెంచండి.

దిగేటప్పుడు పొట్టిగా ఉంటే మనిషి ముందుకు వంగి, బరువంతా ఒక్కసారిగా మొన మీద వేస్తాడు. మొన దిగబడి, పక్కకు వాలి, మట్టి గడ్డను లేపుతుంది. పోల్ వల్ల పెద్ద బొక్కలు పడటానికి ఈ ఎత్తు తప్పు కూడా ఒక కారణం.

6. గుచ్చే పద్ధతి

అసలు పని ఇక్కడే ఉంది.

బాటకు రెండు అంచులుంటాయి. గుట్ట వైపు అంచు, లోయ వైపు అంచు. లోయ వైపు అంచు ఎప్పుడూ బలహీనం, దాని కింద ఆసరా ఉండదు. మనం చేతులు చాపి నడుస్తాం కాబట్టి పోల్ మొన సరిగ్గా ఆ అంచు మీదే పడుతుంది. పది మంది గుచ్చితే అంచు పెచ్చులుగా ఊడుతుంది. బాట కొంచెం కిందికి వాలుతుంది. వెనకవాళ్లు జారతామన్న భయంతో గుట్ట వైపు గడ్డిని తొక్కుతారు. బాట ఒకవైపు విరుగుతూ ఇంకోవైపు వెడల్పవుతుంది.

ఇది నాకు సొంత అనుభవమే. రాచకొండ నుంచి వాన తర్వాత దిగుతూ, కొత్త పోల్ మీద మోజుతో ప్రతి అడుగుకీ లోయ వైపు అంచును పొడిచాను. నా వెనక నాలుగో మనిషి కాలు పెట్టేసరికి అంచు జానెడు మేర విరిగింది. ఆయన మోకాలు గీరుకుపోయింది. "నేల జారింది" అన్నాడు పాపం. జారలేదు, నేనే కోశాను.

కాబట్టి:

- మొన బాట లోపలే పడాలి, అంచుకు కనీసం జానెడు ఇవతల.
- పాదానికి దగ్గరగా, పక్కనే గుచ్చండి. చేతులు బారచాపొద్దు.
- ముందు రాయి వెతకండి. రాయి లేకపోతే గట్టి నేల, అదీ లేకపోతేనే మెత్తటి మట్టి.
- నిటారుగా దించి, నిటారుగా ఎత్తండి. గుచ్చి పెట్టి దాని చుట్టూ తిరిగితే మొన కింద గరిటె తిప్పినట్టే.
- వెనక పోల్‌ను ఈడ్చొద్దు. బాట మీద సన్నటి గీత పడుతుంది, ఏటవాలులో వాన నీటికి ఆ గీత కాలువ.
- బాట జానెడున్నర వెడల్పే ఉండి, పక్కన లోయ ఉంటే ఒక్క పోల్ చాలు. రెండోది మడిచెయ్యండి.
- గడ్డి దుబ్బుల్లో, చిన్న మొక్కల మొదట్లో గుచ్చొద్దు. ఆ వేళ్లే మట్టిని పట్టుకుని ఉన్నాయి.

చదునైన చోట పోల్ అవసరమే లేదు. చాలామంది అలవాటు కొద్దీ మొత్తం దారంతా టిక్కుటిక్కుమని పోతుంటారు. మోకాళ్ల నొప్పి, బరువైన బ్యాగు, నిట్టదిగుడు, ఒర్రె దాటడం, ఇవి ఉన్నప్పుడు తియ్యండి. మోకాళ్లు బాగాలేనివాళ్లు మాత్రం ఎవరో ఏదో అన్నారని పోల్ మానొద్దు. పోల్ లేక జారుతూ, మడమలు ఈడుస్తూ దిగే మనిషి బాటను ఇంకా ఎక్కువ చెడగొడతాడు.

7. అడుగు వేసే పద్ధతి

ఎక్కేటప్పుడు కాలి వేళ్లతో తోస్తాం, దిగేటప్పుడు మడమతో బ్రేక్ వేస్తాం. రెండోది ఎక్కువ కోస్తుంది. దిగేటప్పుడు అడుగు చిన్నది చేసుకుని, పాదం మొత్తం ఒకేసారి ఆనించండి. మోకాలు కాస్త వంచి ఉంచండి. గుట్ట మీంచి పరుగెత్తుకుంటూ దిగడం సరదాగానే ఉంటుంది, కానీ ఆ మడమల గాట్లు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తాయి.

రాయి ఉంటే రాయి మీద కాలు. కదిలే రాయి అయితే దాటెయ్యండి, తన్నొద్దు. బాట మీద పరుచుకున్న చిన్న రాళ్లను "దారి శుభ్రం చేద్దాం" అని ఏరి పక్కన పడేసేవాళ్లున్నారు. దయచేసి ఆపండి. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా కాపాడుతున్నవి ఆ రాళ్లే.

బురద గుంట వస్తే నడుమ నుంచే పోవాలి. బూట్లు కడుక్కోవచ్చు. అందరూ పక్క నుంచి పోబట్టే అడుగు వెడల్పు బాట ఎడ్లబండి బాటంత అవుతుంది.

మలుపుల దగ్గర అడ్డదారి తొక్కొద్దు. కోట గుట్టల మీద ఇది మరీ ఎక్కువ. బాట మెలికలు తిరిగింది నీటి వేగం తగ్గించడానికి కూడా. మనం మెలికను కోసి నేరుగా దిగితే వాన కూడా మన వెంటే నేరుగా దిగుతుంది.

ఎదురుగా జనం వస్తే నడుస్తూ పక్కకు పోకుండా, ఒక బండ చూసుకుని దాని మీద ఆగండి. బాట ఉన్నచోట ఒకరి వెనక ఒకరు. అసలు బాటే లేని బోద గడ్డి మైదానంలోనైతే దీనికి తిరగేసి, అందరూ విడివిడిగా నడవాలి, ఒకే గీత పడకుండా.

8. వెనక్కి తిరగాల్సిన గుర్తులు

- అడుగు గుంట వేలి గోరు కంటే లోతుగా పడుతోంది
- గుప్పెడు మట్టి పిసికితే ముద్దయి, చేతికి అంటుకుంటోంది
- పోల్ తీస్తే మొనతో పాటు మట్టి గడ్డ వస్తోంది
- బాట వెంట నీళ్లు పారుతున్నాయి

రెండు కనిపిస్తే ఆలోచించండి, మూడు కనిపిస్తే తిరగండి. పెట్రోలు డబ్బులు పోయాయని బాధ ఉంటుంది, నాకూ ఉంటుంది.

9. బాట ఎంత పోయిందో కొలవండి

ఏటా ఒకే గుట్టకు పోయేవాళ్లకు ఇది మంచి అలవాటు. పోల్‌కు ఇంకో ఉపయోగం కూడా.

ముందు ఏటవాలు. పోల్‌ను 120 సెంటీమీటర్లకు సర్ది, బాట వెంట పడుకోబెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి దాని మీద పెట్టండి. ఎగువ వైపు కొస నేలను తాకుతుండగా దిగువ వైపు కొసను సమతలం అయ్యేదాకా ఎత్తండి. కొస కింద ఖాళీ 12 సెంటీమీటర్లు ఉంటే బాట వాలు 10 శాతం, 18 ఉంటే 15 శాతం. బాటలు వేసేవాళ్లు సగటున 10 శాతం దాటనివ్వరు. గుట్ట వాలులో సగానికి మించి కూడా బాట వాలు ఉండకూడదంటారు. అంటే గుట్ట 16 శాతం ఉంటే బాట 8 లోపు. ఆ లెక్క దాటిన చోట అడుగు, పోల్ రెండూ ఇంకా నెమ్మదిగా.

తర్వాత లోతు. బాటకు అటూ ఇటూ కదలని రెండు రాళ్లు చూసుకుని, వాటి మీద పోల్ అడ్డంగా పెట్టండి. ప్రతి 10 సెంటీమీటర్లకు పోల్ నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ఉదాహరణకు 0, 3, 7, 9, 6, 2, 0 వచ్చాయనుకుందాం. మొత్తం 27, దాన్ని 10తో గుణిస్తే 270 చదరపు సెంటీమీటర్ల గుంట. ఒక మీటరు పొడవుకు 27 లీటర్ల మట్టి పోయినట్టు. ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండి ఇంకా మిగిలేంత, అదీ ఒక్క మీటరుకు.

ఫొటో తీసి పెట్టుకోండి, పోల్ కూడా ఫొటోలో పడాలి. వచ్చే ఏడాది అవే రాళ్ల దగ్గర, అదే నెలలో మళ్లీ కొలవండి.

10. మరమ్మతు చేద్దామనుకుంటే

అటవీ భూమిలో, కోటల్లో సొంతంగా ఒక్క రాయి కూడా కదపొద్దు. కోట గోడ నుంచి రాలి పడిన రాయి కూడా ఆ కట్టడంలో భాగమే. అటవీ సిబ్బందిని, ఊరి భూమి అయితే పంచాయతీని అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే పని.

అనుమతి దొరికితే రెండు పనులు చాలు.

మొదటిది, అడ్డదారి మూయడం. తుమ్మ కంప తెచ్చి అడ్డదారి పై మొదట్లో, కింది మొదట్లో వెయ్యండి. చేనుకు కంప వేసినట్టే. పై కొసన ఒక్కచోటే వేస్తే కింద నుంచి ఎక్కేవాళ్లు దూరతారు. ఈ పొరపాటు మేమూ చేశాం.

రెండోది, నీటిని బాట నుంచి పక్కకు మళ్లించడం. గడ్డపార, పార చాలు. బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ల వరుస పాతాలి. ఏటవాలు లేకుండా సరిగ్గా అడ్డంగా పాతితే నీళ్లు వెనక నిలిచి, మట్టి నిండి, ఒక్క వానాకాలంలోనే రాళ్లు పూడుకుపోతాయి. ప్రతి రాయీ మూడింట రెండు వంతులు నేలలో ఉండాలి. లోయ వైపు చివర తెరిచి, నీళ్లు పడేచోట గులకరాళ్లు పరచండి, లేదంటే అక్కడ కొత్త ఒర్రె పుడుతుంది. తొలకరికి ముందు, వానలు వెనకపట్టాక ఆ చివర పేరుకున్న మట్టి తియ్యాలి. కట్టడానికి అందరూ వస్తారు, మట్టి తియ్యడానికి ఇద్దరే మిగులుతారు.

11. ఇంటికి వచ్చాక

ఇప్పుడు టూత్‌బ్రష్. పోల్ బిళ్లల కింద, బూటు గాళ్లలో ఇరుక్కున్న మట్టిలో గింజలుంటాయి. మన వైపు ముఖ్యంగా వయ్యారిభామ. రోడ్డు పక్క నుంచి దాన్ని నల్లమలకు మోసుకుపోయేది మన బూట్లు కూడా. వీలైతే బయల్దేరే ముందు కూడా ఒకసారి గీకండి. ఆ మట్టిని చెత్తబుట్టలో వెయ్యండి, పెరట్లో కాదు.

పోల్ ముక్కలు విడదీసి, తుడిచి, నీడలో ఆరనివ్వండి. తడిగా బిగించి పెడితే లోపల పట్టేస్తుంది. రబ్బరు తొడుగు అడుగున మొన కనిపించడం మొదలైతే మార్చెయ్యండి, అరిగిన తొడుగుతో బండ మీద నడిస్తే ఉక్కుతో నడిచినట్టే.